రైలుకు మిగిలిన సగం పేరు

ఆస్ట్రేలియా దక్షిణ తీరంలోని అడిలైడ్ నుంచి ఉత్తర తీరంలోని డార్విన్ దాకా ఒక రైలు నడుస్తుంది. దాదాపు మూడు వేల కిలోమీటర్ల ప్రయాణం. ఎర్రమట్టి ఎడారి మధ్యలోంచి పోతుంది. డబ్బున్నవాళ్లు దేశం చూడడానికి ఎక్కే రైలు అది. దాని గుర్తు ఒంటె. దాని పేరు ‘ఘాన్’.

ఘాన్ అంటే ఏమిటి? ‘అఫ్ఘాన్’ అన్న మాటలో ముందు ముక్క కోసేస్తే మిగిలిన ముక్క. ఆ ఎడారికి దారి వేసిన ముస్లిం ఒంటెలవాళ్లను తెల్లవాళ్లు పిలిచిన పేరు అది. వాళ్లలో చాలామంది అసలు అఫ్ఘాన్లే కారు. అంటే పెట్టిందే తప్పు పేరు. అందులోనూ సగమే మిగిలింది. అదీ మనుషులకు కాదు, రైలుకు.

ఈ సంగతి మేం ఎందుకు రాస్తున్నామో ముందే చెప్పుకుంటాం. ఒక పేరు కింద ఎంతమందిని మూటగట్టవచ్చో మాకు బాగా తెలుసు. మా ఊళ్లలో దూది ఏకినవాడూ, మాంసం కొట్టినవాడూ, అత్తరు అమ్మినవాడూ, గారడీ చేసినవాడూ, జమీందారు ఇంట్లో లెక్కలు రాసినవాడూ అందరూ ‘సాయిబు’లే. ఏ ఇంట్లో ఉర్దూ మాట్లాడతారో, ఏ ఇంట్లో తెలుగు తప్ప మరొకటి రాదో ఎవరూ అడగరు. రెండు భాషల పత్రికల్లోనూ ఇరవై ఏళ్లు పనిచేసిన మమ్మల్ని ఇప్పటికీ “మీరు తెలుగు ఇంత బాగా రాస్తారే!” అని మెచ్చుకునేవాళ్లున్నారు. మెచ్చుకోలే, కాదనం. కానీ ఆ మెచ్చుకోలులో మమ్మల్ని గుమ్మం బయట నిలబెట్టడం కూడా ఉంది. అందుకే సముద్రాల అవతలి ఆ ఒంటెలవాళ్ల కథ చదివినప్పుడు మాకది పరాయి కథ అనిపించలేదు.

ఆస్ట్రేలియావాళ్లకు ‘అవుట్‌బ్యాక్’ ఒక పురాణం. తీరానికి దూరంగా, ఖండం నడుమనున్న ఎండు భూమిని వాళ్లు అలా పిలుస్తారు. ఆ పురాణంలో వీరులు పశువుల మందలు తోలుకుపోయి మకాం వేసినవాళ్లు, దారులు కనిపెట్టిన అన్వేషకులు. డ్యూరాక్ కుటుంబం 1883లో క్వీన్స్‌లాండ్ నుంచి ఏడు వేలకు పైగా పశువులతో బయల్దేరి రెండేళ్లకు పైగా నడిచి, సగం మందను దారిలో పోగొట్టుకుని, 1885లో వాయవ్య మూలనున్న కింబర్లీ చేరింది. పదమూడేళ్ల వయసులో ఒంటికన్ను గుర్రమెక్కి ఇల్లు వదిలిన సిడ్నీ కిడ్మన్ ‘పశువుల రాజు’ అయ్యాడు. ఇవన్నీ జరిగినవే. ఆ మనుషుల సాహసాన్ని మేం తక్కువ చేయడం లేదు. అయితే ఆ పశువుల మకాముల్లో రొట్టెకు పిండి ఎక్కడిది? టీ ఆకు, చక్కెర, కంచెకు ఇనుప తీగ, బావికి పంపు, ఇంటికి రేకులు ఎవరు మోసుకొచ్చారు? రైలు లేదు, రోడ్డు లేదు. ఎండాకాలం గడ్డీ నీళ్లూ దొరకక గుర్రాలు, ఎద్దులు దారిలోనే కూలిపోయేవి. మోసుకొచ్చింది ఒంటె. దాన్ని నడిపింది మనవైపు నుంచి పోయిన మనిషి.

ఈ కథ 1860లో మొదలవుతుంది. ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి దాటాలని మెల్‌బోర్న్‌లో ఒక దండు తయారైంది. బర్క్, విల్స్ దాని నాయకులుగా చరిత్రకెక్కారు. ఎడారికి ఒంటెలు కావాలని జార్జి లాండెల్స్ అనే ఆయన్ను మన దేశానికి పంపారు. ఆయన కరాచీ నుంచి ఓడలో 24 ఒంటెలను, వాటితో పాటు మనుషులను తీసుకుపోయాడు. ఆగస్టు 20న బయల్దేరిన దండులో ఒంటెలవాళ్లు నలుగురు. దోస్త్ మహమ్మద్, హస్సం ఖాన్, బెలూచ్, సామ్లా.

ఈ నాలుగు పేర్లను కాస్త ఆగి చూడండి. హస్సం ఖాన్ కొన్ని కాగితాల్లో ఈసా ఖాన్ అయ్యాడు. బెలూచ్ అన్నది మనిషి పేరు కాదు, బలూచీవాడని చెప్పే జాతి పేరు. ఇక సామ్లా ముస్లిమే కాదు, హిందువు. దండులో వండే గొడ్డుమాంసం తినలేక వట్టి రొట్టెతో గడిపి, కొద్ది రోజులకే సెలవు తీసుకుని వెళ్లిపోయాడు. బలూచీ, పఠాన్, హిందువు అందరూ ఒకే గంపలో పడ్డారు. తర్వాత ఆ గంపకు ‘అఫ్ఘాన్’ అని చీటీ అంటించారు. అదే దండులో లాండా, రాజా, గోలా, బూచా అని ఒంటెలకు మాత్రం వేటికవే పేర్లున్నాయి. ఏ ఒంటె ఏ బురదలో దిగబడిందో, దేన్ని ఎక్కడ కోసుకుతిన్నారో దినచర్యల్లో వివరంగా రాసిపెట్టారు.

ఆ యాత్ర ఎలా ముగిసిందో ఆస్ట్రేలియా బడిపిల్లలందరికీ తెలుసు. ఉత్తర తీరం దగ్గరి దాకా పోయి తిరిగొస్తూ బర్క్, విల్స్ 1861లో చనిపోయారు. ఆ జట్టులో ఒక్క కింగ్ బతికాడు. అతన్ని బతికించింది ఆ నేల సొంతదారులైన యాండ్రువాంధా జనం. మెనిండీ దగ్గరి మజిలీలో మగ ఒంటె దాడికి దోస్త్ మహమ్మద్ కుడిచేయి పనికిరాకుండా పోయింది. మళ్లీ సొంత దేశం చూడలేదు. మెనిండీలోనే బతికి, అక్కడే చనిపోయాడు. ఆ ఊరి పొలిమేరలో అతని ఖబర్ ఉంది. మెల్‌బోర్న్ నగరంలో బర్క్, విల్స్‌లకు కంచు విగ్రహం పెట్టారు.

యాత్ర విఫలమైంది గానీ ఎడారిలో ఒంటె నెగ్గింది. థామస్ ఎల్డర్ అనే భూస్వామి వెంటనే ఆ సంగతి పట్టుకున్నాడు. 1866 నాటికి కరాచీ నుంచి వందకు పైగా ఒంటెలు, 31 మంది మనుషులు దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆగస్టా రేవులో దిగారు. బెల్టానా దగ్గర ఒంటెల పెంపకం మొదలైంది. 1870 నుంచి 1920 దాకా అలా వచ్చిన మనుషులు రెండు వేల నుంచి నాలుగు వేల దాకా ఉంటారని అంచనా. ఒంటెలు 20,000 దాకా వచ్చాయి. మనుషులు సింధ్, బలూచిస్తాన్, పంజాబ్, కాశ్మీరు, పెషావరు, కాందహారు నుంచి వచ్చారు. పష్తో, బలూచీ, సింధీ, పంజాబీ, ఉర్దూ మాట్లాడేవాళ్లు. సాధారణంగా మూడేళ్ల ఒప్పందం. ఆడవాళ్లను వెంట తెచ్చుకునే వీలు లేదు.

ఆ తర్వాత ఎడారిలో పేరు తెచ్చుకున్న అన్వేషకుల వెనక ఎవరున్నారో చూడండి. 1873లో వార్‌బర్టన్ ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి పడమటికి 17 ఒంటెలతో పోయాడు. వెంట సాలే, హలీం ఉన్నారు. తిండి అయిపోయి ఒంటెలనే ఒక్కొక్కటిగా కోసుకుని తిన్నారు. చివరికి రెండే మిగిలాయి. మనుషులు బతికి బయటపడ్డారు. వార్‌బర్టన్‌కు బహుమానాలు, బిరుదులు వచ్చాయి. అదే ఏడాది విలియం గాస్ ఎడారి నడుమ ఒంటరిగా నిలిచిన మహాశిల ఉలూరును చూసి, దానికి దక్షిణ ఆస్ట్రేలియా చీఫ్ సెక్రటరీ పేరు పెట్టాడు. గాస్‌తో పాటు ఆ రాయెక్కినవాడు కమ్రాన్, అదీ ఒట్టి కాళ్లతో. అంతకు ఎన్ని వేల ఏళ్ల ముందు నుంచో ఆ రాయి అనంగు జనానికి పవిత్ర స్థలం. చివరికి 2019లో ఆ రాయి ఎక్కడాన్ని పూర్తిగా ఆపేశారు. 1875లో గైల్స్ ఎడారి దాటి పెర్త్ చేరినప్పుడూ ఒంటెల బాధ్యత సాలేదే.

1896లో లారెన్స్ వెల్స్ నడిపిన కాల్వర్ట్ యాత్ర గ్రేట్ శాండీ ఎడారిలో చిక్కుకుపోయింది. ఇద్దరు దాహంతో చనిపోయారు. ఆ యాత్రలో ఒంటెలను కాపాడిన బలూచీవాడు బేజా దర్వేష్. వెల్స్ తన దిక్సూచిని అతనికి కానుకగా ఇచ్చాడు. ఒక కొండకు అతని పేరు పెట్టాడు. బేజా తర్వాత మారీ ఊళ్లో స్థిరపడి, ఖర్జూరం చెట్లు పెంచుకుని, 1957లో కన్నుమూశాడు. 1939లో సింప్సన్ ఎడారి దాటిన మడిగన్ యాత్రలో బేజా కొడుకు జాక్ ఉన్నాడు. తండ్రీ కొడుకులిద్దరూ ఆ దేశానికి దారులు చూపినవాళ్లే. తెల్లవాళ్లందరూ కృతఘ్నులని మేం అనం. వెల్స్ లాంటివాళ్లు ఉన్నారు. కానీ దిక్సూచి ఇచ్చే చెయ్యి ఒక మనిషిది, చట్టం రాసే చెయ్యి రాజ్యానిది.

ఆ రాజ్యానికి వీళ్ల చాకిరీ ఎంత అవసరమో కూడా చెప్పాలి. 1870-72 మధ్య అడిలైడ్ నుంచి డార్విన్ దాకా సుమారు 3,200 కిలోమీటర్ల టెలిగ్రాఫ్ తీగ వేశారు. ఆస్ట్రేలియాను లండన్‌తో కలిపిన తీగ అది. దానికి సామాను మోయడంలో ఒంటెలున్నాయి. తర్వాత ఎడారిలోని టెలిగ్రాఫ్ స్టేషన్లకు సరుకులు చేర్చిందీ ఒంటెలే. పశ్చిమ ఆస్ట్రేలియాలో బంగారం బయటపడితే కూల్‌గార్డీకి తిండీ నీళ్లూ ఒంటెల మీదనే పోయాయి. 1901 నుంచి 1907 దాకా వేసిన కుందేళ్ల కంచెకూ ఒంటెలే. బర్డ్స్‌విల్ నుంచి మారీ రైలుస్టేషనుకు ఐదు వందల కిలోమీటర్ల బాటలో పశువుల మందలు దిగివచ్చేవి. అదే బాటలో ఎదురుగా సరుకుల ఒంటెలు వరసకట్టి పోయేవి. బలమైన మగ ఒంటె ఆరు వందల కిలోల దాకా మోసేది. తిరుగు ప్రయాణంలో ఉన్ని బేళ్లు. ఒంటెలవాడు రాకపోతే పశువుల మకాము పస్తుండాల్సిందే.

అయినా మారీలో రైలుపట్టాలే సరిహద్దు. ఒక పక్క తెల్లవాళ్ల ఇళ్లు, హోటలు. రెండో పక్క రేకుల గుడిసెల్లో ‘ఘాన్‌టౌన్’, ఆదివాసుల మకాములు. మన ఊరి బయట వాడలు చూసినవాళ్లకు వేరే వర్ణన అక్కరలేదు. ఆ రేకుల మధ్యనే 1880ల్లో మట్టి గోడలతో మసీదు లేచింది. ముందు చిన్న కుంట, వుజూ చేసుకోవడానికి. 1888-89లో అడిలైడ్ నగరంలో రాతి మసీదు కట్టారు. 1903లో దానికి నాలుగు మీనార్లు చేరాయి. అందులో ఇప్పటికీ నమాజు జరుగుతోంది.

ఎడారిలో నీళ్లే ప్రాణం. 1894లో బంగారు గనుల దారిలో ఒక నీటిగుంట దగ్గర, వీళ్లు కాళ్లు కడిగి నీళ్లు పాడు చేశారని తగాదా వచ్చింది. ఒక తెల్లవాడు తుపాకీ పేల్చాడు. ప్రాణం పోయింది. కోర్టు అతన్ని నిర్దోషి అంది. కూల్‌గార్డీలో ఆసియావాళ్లకు వ్యతిరేకంగా సంఘం పుట్టింది. గనుల చట్టం ఆసియావాళ్లకు బంగారం తవ్వుకునే హక్కు లేదంది. ఎద్దుబండ్లవాళ్లకు ఒంటెలవాళ్లతో పోటీ. ఆ కడుపుమంటకు జాతి అనే ముసుగు దొరికింది. శ్రామికుల సంఘాలే శ్రామికులను వెలివేశాయి. వర్గం గురించి మాట్లాడే మన మిత్రులు ఈ మాట గుర్తుంచుకుంటే బాగుంటుంది.

1901లో ఆస్ట్రేలియా ఒక్క దేశమైంది. ఆ దేశం తొలిరోజుల్లో చేసుకున్న చట్టాల్లో ఒకటి వలసల నిరోధం. వచ్చేవాడికి ఏదైనా యూరపు భాషలో యాభై మాటలు చదివి రాయించవచ్చు. ఏ భాషో అధికారి ఇష్టం. నాలుగైదు భాషలు వచ్చిన పఠాను ఆ పరీక్షలో నిరక్షరాస్యుడు. ఇరవై ఏళ్లు అక్కడే కష్టపడినవాడు తల్లిని చూడడానికి ఇంటికి పోయి రావాలన్నా మినహాయింపు పత్రం తీసుకోవాలి. దాని మీద ఫొటో, అరచేతి ముద్ర. 1903 చట్టం ఆసియావాళ్లకు పౌరసత్వమే లేకుండా చేసింది. కాగితం చూపించి నువ్వెవరివో రుజువు చేసుకో అనే మాట ఎంత పాతదో చూడండి.

అబ్దుల్ వేడ్ సంగతి చెప్పాలి. 1895లో బూర్క్ పట్నంలో ఒంటెల రవాణా కంపెనీ పెట్టాడు. వందల ఒంటెలు, సొంత మకాము, తెల్ల భార్య. సూటు వేసుకున్నాడు. పిల్లల్ని మంచి బడుల్లో చదివించాడు. కొత్త చట్టం రాకముందే, 1902లో పౌరసత్వం సంపాదించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో తన ఒంటెలను సర్కారుకు ఇస్తానన్నాడు. ఇంకా ఏం చేస్తే మనవాడు అంటారు? చుట్టుపక్కలవాళ్లు వెక్కిరిస్తూనే ఉన్నారు. 1923లో పాస్‌పోర్టు వాపసు ఇచ్చేసి అఫ్ఘానిస్తాన్ వెళ్లిపోయాడు.

ఇక దాచకూడని సంగతి ఒకటుంది. 1915 జనవరి 1న బ్రోకెన్ హిల్‌లో ఐస్‌క్రీం బండి నడిపే గుల్ బాద్‌షా మహమ్మద్, అక్కడి ఒంటెలవాళ్లకు ముల్లాగా ఉన్న అబ్దుల్లా, విహారానికి పోతున్న రైలు మీద తుపాకులు పేల్చారు. నలుగురు చనిపోయారు. ఏడుగురు గాయపడ్డారు. ఆ ఇద్దరినీ పోలీసులూ జనమూ కలిసి చంపారు. టర్కీ సుల్తాను కోసం యుద్ధం చేస్తున్నామని వాళ్లు అనుకున్నారు. అబ్దుల్లా హలాల్ మాంసం కోసం లైసెన్సు లేని చోట గొర్రెలు కోశాడని అంతకు కొద్ది రోజుల ముందే కోర్టు శిక్ష వేసింది. అవమానం నిజం. కానీ పండగపూట పిల్లాపాపలతో పోతున్న జనం మీద తుపాకీ పేల్చడానికి ఏ అవమానమూ సాకు కాదు. ఇది మేం గట్టిగా చెబుతాం. అయితే ఇంకో మాట కూడా అడుగుతాం. అరవై ఏళ్లు నీళ్లూ పిండీ మోసిన వేల మందికి దేశం మనసులో దొరకని చోటు, ఒక్కరోజు తుపాకీ పట్టిన ఇద్దరికి ఎలా దొరికింది? ఆ రాత్రి జనం ఒంటెలవాళ్ల మకాము మీదికి బయల్దేరారు. పోలీసులు, సైనికులు అడ్డుపడ్డారు కాబట్టి సరిపోయింది. ఇద్దరి నేరానికి మకాం మొత్తం జవాబు చెప్పాలనడం ఆ ఒక్క ఊరి గుణమే కాదు.

మా వైపు తప్పు కూడా మేమే చెప్పుకోవాలి. తెల్లవాడు ‘ఖాళీ భూమి’ అన్న చోటంతా మనుషులున్నారు. పశువుల మకాములు వాళ్ల నీళ్ల మీద, వేట నేలల మీద వెలిశాయి. అక్కడికి సరుకు మోసింది మన ఒంటెలు. ఆదివాసుల చిన్న చిన్న ఊటలను ఒంటెల గుంపు ఒక్కపూటలో తాగేసేది. కింబర్లీ నుంచి దక్షిణానికి పశువులను తోలడానికి 1906లో కానింగ్ బాట సర్వే మొదలైనప్పుడు, నీళ్లెక్కడున్నాయో చూపించమని ఆదివాసులను గొలుసులతో కట్టేశారు. 1908లో దాని మీద విచారణ సంఘం కూర్చుంది. కానింగ్‌ను తప్పుపట్టలేదు. ఆ సర్వే సామాను మోసినవీ ఒంటెలే. అణగారినవాడు కూడా తనకన్నా కిందివాడి నేల మీద నడవగలడు.

అయితే ఆ కథకు రెండో వైపూ ఉంది. ఒంటరిగా వచ్చిన ఆ మనుషులు ఆదివాసీ స్త్రీలతో కాపురాలు పెట్టారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1905 చట్టం ప్రకారం అలాంటి పెళ్లికి ‘సంరక్షకుడు’ అనే అధికారి అనుమతి కావాలి. అయినా ఇళ్లు నిలబడ్డాయి. మారీలో, ఊడ్నదత్తలో, ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఖాన్, బేజా లాంటి ఇంటిపేర్లతో ఉన్న ఆదివాసీ కుటుంబాలు ఆ కాపురాల వారసులే.

లారీ వచ్చింది, ఒంటె పని అయిపోయింది. 1925లో దక్షిణ ఆస్ట్రేలియా ఒంటెల సంహార చట్టం చేసింది. యజమాని లేకుండా తిరిగే ఒంటెను కాల్చెయ్యవచ్చు. చాలామంది తమ ఒంటెలను తాము చంపుకోలేక ఎడారిలోకి వదిలేశారు. అవి పెరిగాయి. 2009-13 మధ్య సర్కారు పథకం కింద దాదాపు లక్షా అరవై వేల ఒంటెలను చంపారు. 1929లో రైలు ఆలిస్ స్ప్రింగ్స్ చేరింది. దాని పట్టాలకు సామాను మోసిన ఒంటెలవాళ్లకు ఆ రైలుతోనే పని పోయింది. ఆ రైలుకే వాళ్ల సగం పేరు పెట్టారు.

చివరగా ఒక పుస్తకం సంగతి. బ్రోకెన్ హిల్‌లో ఒంటెలవాళ్లు కట్టుకున్న రేకుల మసీదు ఇప్పుడు ఒక మ్యూజియం లాగా ఉంది. అందులో ఒక లావుపాటి పాత పుస్తకం ఉండేది. అందరూ దాన్ని ఖురాన్ అనుకున్నారు. చరిత్రకారిణి సామియా ఖాతూన్ దాన్ని తెరిచి చూస్తే అది బెంగాలీ. 1895లో కలకత్తాలో అచ్చయిన పద్యాల పుస్తకం, ప్రవక్తల కథలు. 2018లో వచ్చిన ‘ఆస్ట్రేలియానామా’లో ఆమె ఈ సంగతి రాసింది. మసీదులో దొరికింది కాబట్టి ఖురానే అయి ఉండాలి. ముస్లిం కాబట్టి అఫ్ఘానే అయి ఉండాలి. ముస్లింకు సొంత భాష ఒకటుంటుందని, ఆ భాషలో అతను పాడుకుంటాడని, దూరదేశం పోతూ ఆ పద్యాలను మూటలో పెట్టుకుంటాడని ఎవరికీ తట్టలేదు. తెరిచి చదవగల మనిషి వస్తే గాని ఆ పుస్తకం తన పేరు చెప్పుకోలేకపోయింది.

మేం తెలుగులో రాస్తున్నది అందుకే. మా అట్ట మీద ఎవరో అంటించిన చీటీ చూసి మమ్మల్ని చదివేశామనుకునేవాళ్లకు, లోపలి భాష ఏమిటో చూడమని చెప్పడానికే. ఆ 1860 నాటి దండులో బెలూచ్ అని మాత్రమే రాసుకున్న మనిషికి పుట్టినప్పుడు చెవిలో అజాన్ చెప్పి, తల్లీ తండ్రీ ఒక పేరు పెట్టే ఉంటారు. ఆ పేరు ఎవరూ అడగలేదు. మా పేర్లు ఎవరో అడిగేదాకా మేం ఆగదలచుకోలేదు.